లాయరు దగ్గర ఆగిపోయిన మావయ్య

పాఠక మహాశయులారా, ముందుగా రెండు చేతులూ జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. కన్నీరు కార్చవలసిన చోట సినిమా కథ చెప్పబోతున్నందుకు, పోయిన మనిషి మీద చాడీలు చెప్పబోతున్నందుకు, ఈ రెంటికీ కించిత్తు కూడా సిగ్గుపడనందుకు. మా మావయ్య, అంటే అమ్మకు అన్నయ్య, గత నెలలో రేపల్లెలో కన్నుమూశారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చారు, మళ్ళీ లేవలేదు. వచ్చిన బంధువులందరూ "దేవుడిలాంటి మనిషి" అన్నారు. వాళ్ళెవరూ ఆయన పక్కన కూర్చుని సినిమా చూడలేదు.

నేను చూశాను. తెనాలిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను హాలుకి తీసుకెళ్ళేవారు. టికెట్టు ఆయనదే, సమోసా ఆయనదే, నరకమూ ఆయనదే. హాలంతా పగలబడి నవ్వుతుంటే ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "తెలీక అడుగుతున్నా అల్లుడూ," అనేవారు. ఆ మాట పడిందంటే ఇక ఆ సినిమా పని అయిపోయినట్టే. రైసుమిల్లులో గుమాస్తాగా జుట్టు నెరిసిన మనిషి, ఏ బస్తాకి ఎక్కడ చిల్లుందో చూడకుండా ఉండలేరు. "నవ్వించమను, నవ్వుతా. నన్ను వెర్రివాణ్ణి చేస్తే మాత్రం ఊరుకోను," అనేవారు.

అలాంటి మనిషికి, తెలిసి తెలిసి, నా కథ వినిపించాను. కాలేజీలో నా సీనియర్ ఒకతను బాపట్లలో ఉంటూ తన మొదటి సినిమాకి కథ వెతుకుతున్నాడు. నచ్చితే నా పేరు తెర మీద పడుతుంది. నచ్చకపోతే నాన్న చూసి పెట్టిన ఎరువుల కొట్లో కూర్చోవాలి. కథేమిటంటే, ఒక తాత చనిపోతూ మనవడికి వీలునామా రాస్తాడు. ముప్పై కోట్లు నెల రోజుల్లో ఖర్చుపెట్టాలి. దానం చెయ్యకూడదు, ఏ వస్తువూ మిగలకూడదు, ఎందుకో ఎవరికీ చెప్పకూడదు. గెలిస్తే అసలు ఆస్తంతా వాడిదే. గెలిచాడో లేదో తేల్చేది తాతగారి లాయరు.

రేపల్లె రైల్లో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి చెప్పాను.

"నెల రోజులెందుకురా? నిజాంపట్నం వైపు నాలుగు రొయ్యల చెరువులు లీజుకి తీసుకోమను. తెగులొస్తే వారం చాలు."

"రాకపోతే, మావయ్యా?"

"అదొకటుంది. పోవాలని వేస్తే మాత్రం బంగారంలా పండుద్ది, వెధవది."

తర్వాత నా కథలో అందరూ పడీ పడీ నవ్వే సీను అదే అయింది. థాంక్స్ చెప్పేలోపే కళ్ళజోడు తీశారు.

"తెలీక అడుగుతున్నా అల్లుడూ. తేల్చేది లాయరేగా? ఆ ముప్పై కోట్లూ ఫీజని ఆ లాయరు చేతిలోనే పోస్తే? డబ్బూ అయిపోయింది, లాయరూ మనవాడైపోయాడు. మొదటి రోజే శుభం కార్డు పడిపోద్దిగా?"

ఎదురు సీట్లో చేపల తట్టతో కూర్చున్నావిడ, "నిజమేగా బాబూ," అంది. ఆవిణ్ణి ఎవరడిగారండి?

అక్కణ్ణుంచి ఆరు నెలలు మా ఇద్దరికీ ఆ లాయరే లోకం. లాయరుని నిప్పులాంటి మనిషిని చేశాను. "అంత నిప్పయితే ఇలాంటి దిక్కుమాలిన వీలునామా రాయనిస్తాడంట్రా?" ఇద్దరు లాయర్లని పెట్టాను. "చెరి సగం." లాయర్లిద్దర్నీ తీసేసి జడ్జిగారిని పెట్టాను. ఈసారి ఆయన కళ్ళజోడు తీశారంతే. నేను పళ్ళు తోముకుంటుంటే ఫోను, అన్నం కలుపుకుంటుంటే ఫోను. "ఆ లాయరు చిల్లుకి అతుకు ఇంకా దొరకలేదురా, వెతుకుతున్నా." కథ నాది, నిద్ర పట్టనిది ఆయనకి.

"ఇది కామెడీ మావయ్యా! ఇవన్నీ ఎవరూ పట్టించుకోరు!" అని ఒకరోజు అరిచేశాను.

"నేను పట్టించుకుంటున్నాగా," అన్నారు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

నా రాతని అంత సీరియస్‌గా తీసుకున్న మనిషి ఆయనకు ముందు లేరు. ఇకముందు ఉంటారన్న ఆశా లేదు. అప్పుడు మాత్రం ప్రాణం విసిగిపోయి, ఆయనకు చెప్పకుండా బాపట్ల వెళ్ళి కథ చెప్పేశాను, లాయరుతో సహా, లొసుగుతో సహా. రొయ్యల దగ్గర సీనియర్ కుర్చీలోంచి జారిపోయాడు. లాయరు గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఓకేరా, మొదలుపెడదాం," అన్నాడు.

ఆ మర్నాడే మావయ్య పోయారు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది.

"ఏం నాన్నా, ఆ లాయరు సంగతి నీకు చెప్పారా మీ మావయ్య?"

"ఏం సంగతి అత్తయ్యా?"

"దొరికిందంట. పోయే ముందురోజు అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు. ఏంటండీ అంటే, నీకు కాదు, ముందు వాడికి చెప్పాలి అన్నారు. నీకు ఫోన్ చేశారు. నువ్వు తీయలేదంటగా? బస్సులో ఉన్నాడేమోలే, రేపు చేస్తా అన్నారు."

నేను అవునన్నట్టు తల ఊపాను.

బస్సులో లేను. బాపట్లలో, సీనియర్ ఎదురుగా కూర్చుని, క్లైమాక్స్ చెబుతున్నాను. ఫోను మీద "మావయ్య" అని వెలిగింది. ఇంకో లొసుగు పట్టుకుని ఉంటారనుకుని కట్ చేశాను. నేను చేసింది అదొక్కటే. రేపల్లెలో అరుగు మీద ఆయన, నవ్వు ఆపుకోలేక, ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుని ఉన్నారు.