అమ్మ మాట్లాడే ఫ్రెంచి

ఆడిషన్‌కి వెళ్లిన ప్రతిచోటా దాలిలా మెట్ల మీదే కూర్చుని, గుడ్డ బూట్లు విప్పి హైహీల్స్ తొడుక్కుంటుంది. తండ్రిది అల్జీరియా, తల్లిది కంబోడియా. తను పుట్టింది పారిస్‌లోనే. ముప్పై ఏళ్లుగా నాటకాల్లోనూ సినిమాల్లోనూ నర్సు, పనిమనిషి, మళ్లీ నర్సు. ఆవేళ దర్శకుడు, "బాగుంది మేడమ్. కొంచెం మీ ఊరి యాసలో చెప్తారా?" అన్నాడు.

"మా ఊరు ఇదేనండి. మెట్రోలో నాలుగు స్టేషన్లు."

"అది కాదండీ, మీ అమ్మగారిది."

చిన్నప్పుడు రొట్టెల కొట్లో అమ్మ నోరు తెరిస్తే నలుగురూ నవ్వుతారని దాలిలా ఆమె చెయ్యి పట్టి బయటికి లాగేసేది. అమ్మ యాసలోని ఆ ఫ్రెంచే ఇప్పుడు పొల్లు పోకుండా తన నోట వచ్చింది.

"ఇదే కావాలి," అన్నాడతను.

మెట్ల మీద మళ్లీ బూట్లు తొడుక్కుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. "వేషం దొరికిందా?"

"దొరికిందమ్మా."

"ఈసారైనా చక్కటి ఫ్రెంచి మాట్లాడే మనిషేనా?"

"అవునమ్మా," అంది దాలిలా, రెండో బూటు లేసు బిగించుకుంటూ.