సీసా మెడలో ఖాళీ

2023 మార్చి. కోల్‌కతాలో సముద్రపు నీటిని పరీక్షించే ఒక ప్రయోగశాలలో నేను టెక్నీషియన్‌ని. నా పని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ దగ్గర. నీటిలో కరిగిన వాయువులను విడదీసి కొలిచే యంత్రం అది. భూమిని వేడెక్కించే వాయువులను సముద్రం కూడా వదులుతుందంటే మా ఖిదిర్‌పూర్ చర్చిలో ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు.

వేసవి ముందు విశాఖ తీరం వెంట వీచే గాలి పైనీటిని దూరంగా నెట్టేస్తే, లోతులో ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. దాన్ని అప్‌వెల్లింగ్ అంటారు. ఆ నీటితో వచ్చిన నైట్రస్ ఆక్సైడ్, అలా వేడెక్కించే వాయువే, గాలిలో కలుస్తుంది. ఎంత కలుస్తుందో తేల్చడం మా ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్న మౌషుమి పీహెచ్‌డీలో ముఖ్యమైన అధ్యాయం. గడువులోపల ఆమెకు మిగిలింది ఆ ఒక్క సీజనే.

పడవ మీద సాయానికి మా అప్పన్న మావయ్యను నేనే కుదిర్చాను. శ్రీకాకుళం మనిషి, జీవితమంతా ఇక్కడి ఓడరేవు డాక్‌లో నూనె డ్రమ్ములు దొర్లించాడు. సీసాను పొర్లేదాకా నింపి, బుడగ లేకుండా మూత బిగించాలి, అంతే పని. మౌషుమి దగ్గరుండి నేర్పింది. తీరా సముద్రంలో ఆమె వాంతులతో లేవలేకపోతే, మొత్తం ఆయనే చూసుకున్నాడు.

తిరిగొచ్చాక షాలిమార్ స్టేషన్‌లో రైలు దిగి, సీసాల పెట్టెలు తానే ల్యాబ్‌కు మోసుకొచ్చాడు.

"సూడు పాపా, ఒక్కటీ కారనేదు!"

తెరిచి చూస్తే ప్రతి సీసా మెడలోనూ వేలెడు ఖాళీ.

"ఇదేటి మావయ్యా?"

"నిండా పోత్తే ఎండకి మూత ఎగిరిపోదేటి? డాక్‌లో ఏ డ్రమ్మూ నిండా నింపం. అందుకే కొంచెం ఒంపీసి బిగించినాను."

ఒంపినప్పుడు కొంత వాయువు పోయింది, మిగిలింది ఆ ఖాళీలో బయటి గాలితో కలిసిపోయింది. యంత్రం ఏ అంకె చూపినా అది సముద్రానిది కాదు.

మౌషుమి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "దాదా, ఆ నీళ్లలోని గ్యాస్ కోసమే మనం వెళ్లాం. ఖాళీ ఉంటే అందులోకి వెళ్లిపోతుంది" అంది బెంగాలీలో.

"మల్లీ ఎల్లి తెత్తాను దీదీ."

"ఆ గాలి ఆగిపోయింది దాదా. ఇప్పుడు ఆ నీళ్లు అక్కడ ఉండవు."

ఆయన నావైపు తిరిగాడు. "నీళ్ల కోసమే అనుకున్నాను పాపా. గ్యాస్ కోసమని ఒక్క ముక్క సెప్పుంటే, సుక్క ఒంపేవోణ్నా?"

మౌషుమి థీసిస్ ఆ అధ్యాయం లేకుండానే వెళ్లింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఎలా చేయాలో చేయి పట్టి నేర్పాం, ఎందుకో చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు సీసా చేతికిచ్చే ముందే ఆ కారణం చెబుతున్నాను. అప్పన్న మావయ్య మాత్రం మళ్లీ పడవ ఎక్కనన్నాడు.