ఒక్క విస్తరికి సర్వరు

పదివేల మందికి వండిన చేత్తో నేను కంప్యూటరు కట్టాను. రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని కంప్యూటరు కట్టినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

ఇందులో కొంత దిద్దాలి. పదివేలు కాదు, నేను చేసిన పెద్ద పెళ్ళి పద్దెనిమిది వందల విస్తళ్ళది. మొదటివాణ్ణీ కాదు. మా వీధి చివర పళ్ళ డాక్టరు గారింట్లో అప్పటికే అలా కట్టినది ఒకటి ఉంది. కట్టడం మాత్రం నిజం, అదీ ఇంట్లో కాదు, షాపులో. అందులోనూ మరలు బిగించింది నేను, తక్కినదంతా ఆ కంప్యూటరు షాపావిడ.

నేను పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాణ్ణి. నాకు పేరొచ్చింది రుచికి కాదు, లెక్కకి. పెళ్ళివారు ఆరు వందల మందండి అంటే, వాళ్ళ మొహం చూసి, ముహూర్తం ఏ నెలలోనో చూసి, ఏడు వందల ఇరవైకి వండేవాణ్ణి. బంతిలో కూర్చున్నవాడి చెవిన "అయిపోయిందండి" అన్న మాట పడకూడదు. మా గోదావరి జిల్లాల్లో అంతకు మించిన అప్రదిష్ట లేదు. అందుకని ప్రతి బంతిలోనూ చివర ఒక విస్తరి ఎక్కువ వేయించేవాణ్ణి. ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు.

పుష్కరాలు అయిన మరుసటి ఏడాదికి ఆ పని దాదాపు పోయింది. చేతిలో పళ్ళెం పట్టుకుని నిలబడి తినే భోజనాలు వచ్చాయి. ఇంక గాడిపొయ్యి తవ్వించేవాణ్ణి ఎవరు పిలుస్తారు? అంతకు రెండేళ్ళ ముందే మా ఆవిడ పోయింది. మాకు పిల్లలు లేరు. ఇన్నీసుపేటలో రెండు గదుల వాటా, అందులో నేను, గోడ వారగా బోర్లించిన ఆరు ఇత్తడి గుండిగలు. ఒక్కడికి వండుకోవడం నాకు చేతకాలేదు. ఎంత తగ్గించి పోసినా నలుగురికి సరిపడా అయ్యేది. మధ్యాహ్నం వండింది రాత్రికి, రాత్రిది పొద్దున్నకి, ఆ తరవాత పక్కింటివాళ్ళ గేదెకి.

నా లెక్కలన్నీ నాతో పోకుండా కంప్యూటర్లో పెడతానని అందరికీ చెప్పాను. అదేమీ కాదు. "ఇంతమందికి ఎంత పడుతుందండి?" అని నన్ను అడిగే మనిషి లేకుండా పోయాడు. ఎవరైనా అడగాలి. నా కోరికల్లా అదే.

మెయిన్ రోడ్డు పక్క సందులో కంప్యూటరు సామాన్లు అమ్మే ఒకావిడ ఉండేది. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎంత పెద్ద మొనగాడినైనా ముందు కూర్చోబెట్టి మాట్లాడేది.

"ఏం పనికండి బాబాయిగారూ? లెక్కలకేనా? అయితే చిన్నది చాలండి."

"చిన్నది మా ఇంటా వంటా లేదమ్మా."

ఆవిడ రెండు పవర్ సప్లైలు బల్ల మీద పెట్టింది, కరెంటు తీసుకుని లోపలి భాగాలన్నిటికీ పంచే డబ్బాలు. వంకాయలు తూచినట్టు రెండు చేతుల్లోనూ తూచాను.

"ఇది తేలిపోతోంది. ఆ బరువుది ఇవ్వు."

"దానికంత ఎందుకండి? ర్యామ్ ఎంతో, డిస్కు ఎంతో అది చూడండి ముందు."

"పొయ్యి సరిగ్గా మండకపోతే గుండిగ మంచిదై ఏం లాభం?"

ఇన్నేళ్ళలో ముందు పవర్ సప్లై చూసినవారు మీరొక్కరేనండి అని ఆవిడ చేతులు జోడించింది. కాదులెండి. ఆవిడ అన్నది "సరేలెండి" అని మాత్రమే. చేతులు జోడించడం, నేను ఇంటికి నడుస్తూ దారిలో కలుపుకున్నాను.

బిగించే రోజున ఒక పొరపాటు చేశాను. ప్రాసెసర్ వేడెక్కకుండా దాని మీద అల్యూమినియం దిమ్మ ఒకటి పెడతారు. రెంటికీ మధ్య తెల్లటి పేస్టు రాయాలి. "నేను రాస్తానమ్మా" అని గొట్టం అందుకుని, వేడి వేడి పప్పన్నంలోకి నెయ్యి వడ్డించినట్టు వడ్డించాను. దిమ్మ పెట్టి నొక్కితే నాలుగు పక్కలా కారింది.

"అయ్యయ్యో! బాబాయిగారండీ! ఆవగింజంత చాలండి దానికి!"

"ఆవగింజంత వేస్తే ఎవరైనా చూసి ఏమనుకుంటారమ్మా?"

"మూత బిగించేస్తే లోపలికి ఎవరొచ్చి చూస్తారండి! చాలించండి మీ మర్యాదలు."

దూదితో అరగంట తుడిచింది. నేను పక్కన కూర్చుని, పిసినారితనం కూడా ఒక విద్యేనని మొదటిసారి తెలుసుకున్నాను.

ఇంటికి తెచ్చుకున్నాక దాని ఫ్యాను చప్పుడు నాకు బాగా నచ్చింది. పని లేకపోయినా వేసి ఉంచేవాణ్ణి. పక్క గదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుండేది. కరెంటు పోతే యూపీఎస్ కీచుకీచుమని అరిచేది. మా ఇంట్లో కరెంటు పోయిందని నాతో పాటు కంగారు పడేది అదొక్కటే.

ఇక వెబ్ పేజీ. దాన్ని నేనే తయారు చేశానని చెప్పుకున్నాను గాని చేసింది ఆవిడే. మధ్యలో ఒక చిన్న గడి. అందులో ఎంతమందో కొడితే, బియ్యం దగ్గర్నుంచి బూరెల్లోకి బెల్లం దాకా వరసగా వస్తుంది. యాభై నుంచి మొదలు. యాభైకి తక్కువ కొడితే "క్షమించాలి, యాభై విస్తళ్ళకు తక్కువ వండము" అని వచ్చేలా పట్టుబట్టి పెట్టించాను. అప్పటి నా గీర అటువంటిది.

ఆ పేజీని అందరూ చూడాలంటే ఎక్కడో రాత్రింబగళ్ళు నడిచే సర్వరు మీద పెట్టాలట. ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

"పదిమందితో కలిసి వాటాలో ఉండొచ్చండి, లేదా మొత్తం ఇల్లు తీసుకోవచ్చు. మీకు వాటాలో ఓ మూల చాలండి."

"మాఘమాసం ముహూర్తాల్లో వెయ్యిమంది ఒక్కసారి వచ్చిపడితేనో?"

"వచ్చినప్పుడు మారదామండి."

"విస్తళ్ళు వేశాక ఎసరు పెడతారా ఎక్కడైనా?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను మొత్తం ఇల్లే తీసుకున్నాను. ఏ దేశంలోనో, నేను ఎన్నడూ చూడని గదిలో, నా ఒక్కడి కోసం ఒక యంత్రం. దానికోసం రెండు పెద్ద గుండిగలు అమ్మేశాను. వాటి అంచున మా ఆవిడ పేరు చెక్కి ఉంది. అది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

టీ కొట్టు దగ్గర నా వైభవం చూడాలి.

"ఎంతమంది వస్తున్నారేంటండి మీ పేజీకి?" అని కొట్టతను అడిగాడు.

"నిన్న మూడు వందల పన్నెండు."

"బాబోయ్! నా పెళ్ళికే రెండొందల మంది రాలేదండి."

పేజీ అడుగున ఒక అంకె ఉండేది. ఎవరు తెరిచినా ఒకటి పెరుగుతుంది. ఆ మూడు వందల పన్నెండులో మూడు వందల పదకొండు సార్లు తెరిచింది నేనే. చిక్కుడుకాయలు ఒలిచినట్టు నింపాదిగా ఒక్కో నొక్కు నొక్కుతూ కూర్చునేవాణ్ణి.

మిగిలిన ఆ ఒక్కటి నేను కాదు.

ఎవరు ఎప్పుడొచ్చారో చూపే పట్టీ ఒకటి సర్వర్లో ఉంటుందని షాపావిడ నేర్పింది. అందులో నా రాకలన్నీ కొట్టేస్తే రోజూ ఒకటి మిగిలేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ వచ్చినవారు నా పేజీ తెరిచి, చూసి వెళ్ళేవారు. ఎవరో నిదానస్తులు అనుకున్నాను. ఏ కాకినాడలోనో కొత్తగా వంటల పని మొదలెట్టిన మనిషి కావచ్చు. ఆ మనిషి కోసం రోజూ ఒక ముక్క రాయడం మొదలుపెట్టాను. "కందాబచ్చలిలో ఆవ దింపిన తరవాత కలపండి, చేదెక్కదు." అడుగున "భోంచేశారా?" అని కూడా. రాసేముందు గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకునేవాణ్ణి. ఆ ఒక్క అతిథి ఏ క్షణమూ ఆగి నిలబడకూడదని, సర్వరుకి ర్యామ్ రెట్టింపు చేయించడానికి షాపుకి వెళ్ళాను.

ఆవిడ పట్టీని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది.

"బాబాయిగారూ, ఇది మనిషి కాదండి. వెతికిపెట్టే కంపెనీ వాళ్ళ యంత్రమండి. ఏ పేజీలో ఏముందో రాసుకుంటూ లోకమంతా తిరుగుతుంది."

"జనాభా లెక్కలవాడిలాగానా?"

"అచ్చం అంతేనండి."

జనాభా లెక్కలవాడు గుమ్మంలోనే నిలబడి రాసుకుని పోతాడు. భోజనానికి కూర్చోడు.

"నాకు తెలుసులే, నీకు తెలుసో లేదో అని అడిగాను" అన్నాను. నాకు తెలియదు. ఆవిడకీ ఆ సంగతి అర్థమైంది. ర్యామ్ ఊసెత్తకుండా, పేజీని వాటాలో ఓ మూలకి మార్చేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీలో సగం నాకు పెట్టింది. ఉప్పు తక్కువైంది. బాగుందని చెప్పాను.

ఆ తరవాత చాలా రోజులు కంప్యూటరు వెయ్యలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. చివరికి ఫ్యాను చప్పుడు కోసం వేసి, పనిలో పనిగా పట్టీ చూశాను. వచ్చినవారు గడిలో ఏ అంకె కొట్టారో వరస చివర ఉంటుంది. యంత్రం ఎన్నడూ ఏమీ అడగలేదు, దాని చోటు ఎప్పుడూ ఖాళీయే. నేను కొట్టేవి వెయ్యి, రెండు వేలు. ఆ రోజు మధ్యలో ఒక వరస చివర "1" అని ఉంది. దాని కింద, అదే మనిషి, మళ్ళీ "1". ఆ కింద, పోనీ అన్నట్టు, "2". ఆ తరవాత లేదు.

మూడుసార్లూ నా పేజీ ఆ మనిషికి చెప్పింది: క్షమించాలి, యాభై విస్తళ్ళకు తక్కువ వండము.

నలభై ఏళ్ళలో బంతి దగ్గర్నుంచి ఒక్కరినీ లేపలేదు నేను.

షాపావిడకి చెబితే "యాభయ్యో వంతు వేసేస్తే సరిపోతుంది కదండి, నిమిషం పని" అంది.

"కాదమ్మా. యాభై మంది ఉప్పులో యాభయ్యో వంతు ఒకరి ఉప్పు కాదు. ఎసరూ అంతే, పోపూ అంతే. వండి చూడాలి."

వారంలో తేల్చేశాను. అంటే మూడు వారాలు పట్టింది. చిన్న గిన్నె కూడా లేదు ఇంట్లో, కొనుక్కొచ్చాను. పోసి, తీసి, మాడ్చి, మళ్ళీ పోసి, ఒకరోజు నేను తిని లేచేసరికి గిన్నె అడుగంటా ఖాళీ అయింది. పక్కింటి గేదె వేళకి వచ్చి గుమ్మం ముందు నిలబడి, నా వంక చూసి చూసి వెళ్ళిపోయింది.

ఆ కొలతలు పేజీలో పెట్టించాక, ఆ మనిషి మళ్ళీ వచ్చి చూసుకున్నారని, కడుపు నిండిందని రాశారని టీ కొట్టులో చెప్పాను. రాలేదు. పట్టీ ఏడాది పొడుగునా చూశాను.

"1" అన్న అంకె మాత్రం మళ్ళీ రోజూ కనిపించేది. కొట్టేది నేనే, పదకొండు గంటలకి, పొయ్యి వెలిగించే ముందు. అరసోల బియ్యం, అరగిద్దె కందిపప్పు, రెండు వేళ్ళకి అందినంత ఉప్పు. నాకు నోటికి వచ్చినదే. అయినా ముందు గడిలో అడిగేవాణ్ణి. అది చెప్పాక, లేచి వెళ్ళి కొలిచేవాణ్ణి.