గడియ పెట్టిన మోకాలు

కుడికాలు తొడ మధ్య దాకా తీసేశారని నాకు నా భార్యే చెప్పింది. దవాఖాన మంచం పక్కన నిలబడి, "పానం దక్కింది, గదే చాలు" అన్నది. ఆ 'చాలు' మీద నాకు అప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. గనిలో తాడు తెగి పట్టాల మీద వెనక్కి జారిన బొగ్గు టబ్బులు నన్ను గోడకు అదిమేశాయి. ఎనభైల చివర గోదావరిఖనిలో అదేమంత పెద్ద వార్త కాదు. పక్క మంచం మీదున్నవాడికి చెయ్యి పోయింది. మమ్మల్ని చూడటానికి వచ్చినవాళ్లు ఇద్దరికీ కలిపి ఒకే పరామర్శ చేసి వెళ్లేవారు.

పట్నం నుంచి తెప్పించిన కట్టె కాలుతో ఇంటికి వచ్చాను. చూడటానికి బాగానే ఉండేది. నిలబడితే మోసేది, ఈడ్చుకుంటూ నడిస్తే నడిచేది. కానీ దాని మోకాలు వంగదు. కింద కూర్చుని అన్నం తిందామంటే కాలు ముందుకు బారచాపుకుని ఉండేది. బస్సెక్కితే దారికి అడ్డం. ఇక పాయిఖానా సంగతి చెప్పుకుంటే సిగ్గు. చెప్పుకోకపోతే రోజూ నరకం. దాన్ని చేసినవాడు పుట్టినప్పటి నుంచీ కుర్చీలోనే కూర్చున్నాడని నా అనుమానం. ఎండాకాలం వచ్చేసరికి దాన్ని మూలకు పెట్టేశాను. రెండు గదుల కంపెనీ క్వార్టరు, నెత్తి మీద రేకులు, కింద నులక మంచం. నా లోకమంతా అంతే అయింది.

మా క్వార్టర్ల లైనులోనే ఒక ముస్లిం ఫిట్టరు ఉండేవాడు. గనిలో పంపులు, మోటార్లు బాగుచేసేవాడు. నోరు పెద్దది. తాను ముట్టుకుంటే చెడిపోయిన మిషను సిగ్గుపడి నడుస్తుందని చెప్పుకునేవాడు. మేమంతా భాయ్ అనేవాళ్లం. ఒకరోజు డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చి, మూలనున్న కట్టె కాలును ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అన్నా, దీని మోకాలికి గడియ లేదు. దర్వాజకు ఉంటది సూడు, అట్ల. నిల్సున్నప్పుడు గడియ పడాలె, కూసునేటప్పుడు తియ్యాలె. గంతే కదా."

"నువ్వు పంపులు చూసుకో భాయ్. నా మీద పని నేర్వకు" అన్నాను.

"పంపుకు నొప్పి లెవ్వదు, అందుకే దాన్ని చెయ్యుడు ఆసాన్. నీకు లేస్తది. యాడ లేస్తదో నువ్వు చెప్పాలె, నేను చెయ్యాలె."

పాత ఇనుప సామాన్ల దుకాణంలో అల్యూమినియం గొట్టం ఏరాడు. పాత స్కూటరు నుంచి స్ప్రింగు తీశాడు. అరిగిపోయిన కన్వేయరు బెల్టు రబ్బరుతో పాదం కోశాడు. మోకాలి దగ్గర గడియ, దానికో సన్నని తాడు. ఆ తాడు నడుము దాకా వచ్చేది. లాగితే మోకాలు వంగుతుంది, లేచి నిలబడితే గడియ తనంతట తానే పడుతుంది. ఇదంతా మా వాకిట్లోనే జరిగింది. షిఫ్టు దిగినవాళ్లందరూ వచ్చి, తలా ఒక సలహా ఇచ్చి, నా ఇంట్లో చాయ్ తాగి పోయేవారు.

అంత హంగామా చేసి తొడిగితే, కాలు పొట్టిదైంది. నడిస్తే నడుము ఒక పక్కకు కుంగుతోంది. కొలత తీసింది భాయ్, టేపు పట్టింది గనిలో నాతో పనిచేసిన పాత జోడీదారు, చూసింది సగం లైను. తప్పెక్కడో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి మా ఆవిడ చాట పక్కన పెట్టి వచ్చి, "నువ్వు ఎన్నడన్న సక్కగ నిలవడ్డవా?" అని అడిగింది. ఇరవై ఏళ్లకు పైగా తక్కువ ఎత్తు కప్పు కింద పనిచేసిన ఒళ్లు నాది. నిలబడటమంటే మోకాలు కొంచెం వంచి, మెడ ముందుకు వేసి నిలబడటమే. కొలిచినవాళ్లదీ అదే వాలకం, కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. ఆమె నా వీపును గోడకు నొక్కి, మోకాలి మీద చెయ్యి వేసి సాపు చేసి, "ఇగ కొలువుండ్రి" అన్నది. భాయ్ మళ్లీ గొట్టం కోసుకుని వచ్చాడు.

రెండో తప్పు పూర్తిగా నాది. "ఎట్లున్నది?" అని అతను అడిగినప్పుడల్లా "మంచిగున్నది" అనేవాణ్ని. గనిలో నొప్పి అన్నవాడిని నవ్వుతారు. వేలు నలిగినా గుడ్డ చుట్టుకుని తట్ట ఎత్తాలి. ఒకరోజు భాయ్ తొడకు తొడిగే తోలు గిన్నె విప్పి చూశాడు. లోపలంతా రక్తం మరకలు. మూతి ముడుచుకుని లేచి వెళ్లిపోయాడు. తర్వాత కొన్నాళ్లు మా గుమ్మం తొక్కలేదు. తొక్కినప్పుడు ఒకే మాట అన్నాడు.

"నువ్వు మంచిగున్నది అంటే నా పని ఆడనే ఆగిపోతది అన్నా. ఇగ నేను ఏం చెయ్యాలె?"

ఆ రోజు నుంచి నేను సణగడం మొదలుపెట్టాను. నాకు సహజంగానే అబ్బిన విద్య, ఇన్నాళ్లూ గనిలో దాచుకున్నాను. ఇక్కడ ఒరుసుకుంటోంది, ఇక్కడ చెమట పడుతోంది, ఎక్కేటప్పుడు గడియ ఊగుతోంది. అతను తిట్టుకుంటూనే సరిచేసేవాడు. కొత్త వస్తువులు తెలివైనవాళ్ల బుర్రలో పుడతాయంటారు. నేను చూసినంతవరకు, ఊరుకోని ఒక రోగి, విని విసుక్కుంటూనే చేసే ఒక మనిషి కలిస్తే పుడతాయి. వానలు మొదలయ్యేనాటికి నేను కింద కూర్చుని అన్నం తిన్నాను. చౌరస్తా దాకా నడిచి వెళ్లి, హోటలు ముందు నిలబడి చాయ్ తాగాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.

అప్పుడే మెడికల్ బోర్డు నుంచి పిలుపు వచ్చింది.

ఆ రోజుల్లో రివాజు అందరికీ తెలిసిందే. బోర్డు నన్ను ఏ పనికీ పనికిరానని తేలిస్తే, నా బదులు నా కొడుకుకు నౌకరి. ఫిట్ అంటే గని పైన ఏదో తేలిక పని ఇస్తారు, నా నౌకరి నాకుంటుంది, వాడికి ఉండదు. వాడు ఇంటరు చదివి మంచిర్యాల దుకాణాల చుట్టూ తిరుగుతున్నాడు. బెల్లంపల్లి నుంచి నా బావమరిది పనిగట్టుకుని వచ్చాడు.

"బావా, కాలు ఇంట్ల పెట్టి కట్టెల మీద పో. నీకు ఇంకెన్నేండ్లున్నది సర్వీసు? పోరనికి బతుకంత ఉన్నది."

నేను కొడుకు వైపు చూశాను. వద్దు బాపూ, నడుచుకుంటూ పో అని వాడు అంటాడేమోనని ఆశ. గోడ వైపు చూస్తూ "నీ ఇష్టం బాపు" అన్నాడు. చంక కర్రల మీద వెళ్లాను. డాక్టరు మంచివాడే. నిలబడమన్నాడు, మడిచి పిన్ను పెట్టిన ప్యాంటు వైపు చూశాడు, ఇక పొమ్మన్నాడు. అన్‌ఫిట్.

నా కాలును మింగిన గనిలోకే నా కొడుకు దిగాడు. నేను ఇంట్లో బందీనయ్యాను. మా వెనక లైనులో అన్‌ఫిట్ అయిన ఒకాయన సైకిలు తొక్కుతూ కనబడ్డాడని ఎవరో పిటిషన్ పెట్టారు. అది విన్నప్పటి నుంచి మా ఆవిడ నన్ను కాలు తొడుక్కుని వాకిట్లోకి కూడా రానివ్వలేదు. లోపలి గదిలో తలుపేసుకుని, గోడ నుంచి ట్రంకు పెట్టె దాకా, పెట్టె నుంచి గోడ దాకా నడిచేవాణ్ని. బతికున్న మనిషిని బొగ్గుతో మూసేసినట్టు ఉండేది. భాయ్ రావడం తగ్గించాడు.

"ఇంట్ల నాలుగడుగులేస్తే దాని తప్పు ఎట్ల దొరుకుతది? రోడ్డు మీద నడువాలె అన్నా" అన్నాడొకసారి.

"నా కొడుకు నౌకరి పోతే నువ్విస్తవా?" అని అరిచాను. పాపం, అతనేం చేశాడు. నా కోపానికి దగ్గర్లో దొరికాడు.

కొన్నాళ్లకు ఒక పడుచువాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బొగ్గు కోసే పిల్లగాడు, వాడికీ కుడికాలే తొడ దాకా పోయింది. కొత్తగా పెళ్లయింది, చంటి ఆడపిల్ల. నౌకరి ఇద్దామంటే వెనక ఎదిగిన కొడుకు లేడు. అన్‌ఫిట్ అయితే ఆ సంసారం వీధిన పడుతుంది. బోర్డు ముందుకు పోవాల్సిన రోజు దగ్గరకొచ్చింది, కొత్త కాలు చేసే టైము లేదు. భాయ్ అడగకముందే నేనే ట్రంకు పెట్టె వెనక నుంచి నా కాలు తీసి ఇచ్చాను.

"నీకు ఇంకోటి చేస్త" అన్నాడు.

"ఎందుకు, పెట్టె దాకా నడుసుడు మా మంచిగ నేర్చిన" అన్నాను.

తోలు గిన్నె పిల్లగాడి కొలతకు కొత్తది కుట్టించారు. వాడు నాకన్నా పొడుగు. వీపు గోడకు ఆనించి కొలిచి గొట్టం మార్చారు. మోకాలు, గడియ, పాదం నావే. నడక మా లోపలి గదిలోనే నేర్పాను. నేను మంచం మీద, వాడు నా కాలు మీద.

"ఎట్లున్నదిరా?"

"మంచిగున్నది కాకా."

"అబద్ధం చెప్పకు. తొడ లోపలి దిక్కు మంట లేస్తంటది. భాయ్‌కి చెప్పు, ఇప్పుడే చెప్పు."

వాడు తలొంచుకుని, అవునని చెయ్యి పెట్టి చూపించాడు.

బోర్డు వాణ్ని నడిపించి, కూర్చోబెట్టి, లేపి చూసిందట. గని పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పని ఇచ్చారు. డ్యూటీలో చేరిన పొద్దు మొదటి షిఫ్టుకు మా ఇంటి ముందు నుంచే వెళ్లాడు. అదే షిఫ్టుకు మా వాడు కూడా బయలుదేరాడు. మలుపు దగ్గర ఎత్తు ఉంటుంది. అక్కడ మా వాడు అడుగు నెమ్మది చేసి ఆ పిల్లగాడి కోసం ఆగడం చూశాను. తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటూ మలుపు తిరిగారు. నా కొడుకూ నా కాలూ కలిసి డ్యూటీకి పోయారు, నేను గుమ్మం లోపలే ఉండిపోయాను.