ముందే చెప్పిన సాక్ష్యం

అడిగినది ఇచ్చిన దినాన, ఇవ్వని దినాన కూడా నన్ను చెయ్యి విడువని నా పరలోకపు తండ్రికి స్తోత్రం. తల్లి గర్భంలో పడకముందే నన్ను ఎరిగిన ఆయనకు ఆలస్యంగానైనా ఈ కృతజ్ఞత చెల్లిస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మెదక్‌లో చర్చి వెనుక వాడలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. అమ్మ దవాఖానలో ఆయాగా పనిచేసి నన్ను హెచ్.ఎస్.సి. దాకా చదివించింది. గ్రామసేవిక ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వస్తే నర్సాపూర్ మీదుగా బస్సులో సంగారెడ్డి పోయాను. ముగ్గురు అధికారులు కూర్చున్నారు. పొగరాని పొయ్యి గురించి, పసిపిల్లల తిండి గురించి అడిగారు. సైకిల్ తొక్కడం వచ్చునా అన్నారు. రాదన్నాను. చివరికి నడుమ కూర్చున్నాయన, "డ్యూటీలో ఎప్పుడు చేరగలవు?" అన్నాడు.

"రేపే చేరుత సార్" అన్నాను.

ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లందరినీ అదే ప్రశ్న అడిగారని అప్పటికి నాకు తెలియదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"గట్ల అడిగిండంటే ఇచ్చినట్టే కద బిడ్డా?"

"ఇచ్చినట్టే అమ్మా."

మా సంఘంలో ప్రతి శుక్రవారం స్త్రీల కూడిక జరిగేది. దేవుని చేత మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్తారు, మిగిలినవాళ్లు ఒక పాట పాడతారు. ఆ శుక్రవారం అమ్మ లేచి, "దేవుడు నా బిడ్డకు సర్కారు నౌకరి ఇచ్చిండు" అన్నది. ఇస్తాడు అనలేదు. అందరూ పాడారు. నేను తల వంచుకొని కూర్చున్నాను గాని, లోపల సంతోషంగానే ఉన్నది.

పదిహేను రోజులకు కార్డు వచ్చింది. నేను ఎంపిక కాలేదు. ఇంగ్లీషులో టైపు చేసిన ఆ రెండు వరుసలు చదివి అమ్మకు అర్థం చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ ఏడవలేదు. కార్డు తీసి మడిచిపెట్టి అన్నది:

"రేపు శుక్రారం. లేచి చెప్పాలె."

"ఏం చెప్తవ్? నిన్నెవలన్న అడిగిండ్రా?"

"దేవుడు ఇయ్యంది ఇచ్చిండని ఆయన పేరు మీదనే చెప్పిన. గట్లనే ఉంచుతనా?"

"నా ఇజ్జత్ పోతది అమ్మా. చెప్పకు."

అమ్మ నా ముఖం చూసింది. "సరే బిడ్డా. నువ్వు చెప్పమన్న దినమే చెప్త."

ఆ శుక్రవారం ఆమె కూడికకు పోలేదు. మరుసటి శుక్రవారమూ పోలేదు. చర్చి మెట్ల దగ్గర ఎవరో "నౌకరి ఎప్పటిసంది?" అని అడిగితే, "ఇంక కాయిదం రాలే" అని అబద్ధమాడాను. ఇంట్లో ప్రార్థనకు మోకరించేదాన్నే గాని పెదవులు మాత్రమే కదిలేవి. దేవుని మీద కోపం. ఆ మాట ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

తరువాత ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆదివారం వచ్చింది. వరుస వరుసగా లేచి ప్రభువు బల్ల దగ్గరికి పోతున్నాం. నేను మోకరించి పక్కకు చూస్తే అమ్మ లేదు. వెనుక తన చోటనే కొంగు కప్పుకొని కూర్చుని ఉన్నది. జ్వరంతో కూడా సంస్కారం తప్పని మనిషి. ఆమెను వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. అబద్ధపు సాక్ష్యం నోట ఉంచుకొని ఆ రొట్టె ముట్టరాదని తనకు తానే అనుకున్నది. నా పరువు కోసం నా తల్లి ప్రభువు బల్లకు దూరమైంది.

శుక్రవారం అమ్మను వెంటబెట్టుకొని కూడికకు పోయాను. ఆమె కంటే ముందు నేనే లేచాను.

"మా అమ్మ చెప్పింది నిజం కాదు. నాకు నౌకరి రాలే. ఇచ్చినట్టే అని నేనే ఆమెకు చెప్పిన. తప్పు నాది."

మా వాడలో సగం మందికి పురుడు పోసిన ముసలమ్మ ఒకామె అన్నది: "మరి మేం పాడిన పాట ఏం జెయ్యాలె పిల్లా? వాపసు ఇస్తవా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాస్టరుగారి భార్యను అందరం అమ్మగారు అనేవాళ్లం. ఆమె నవ్వకుండా అమ్మ వైపు తిరిగి, "నువ్వేమంటవు?" అని అడిగింది.

అమ్మ లేచింది. "నౌకరి ఇచ్చిండన్న మాట వాపసు తీసుకుంటున్న అమ్మగారూ. స్తోత్రం మాత్రం వాపసు తీసుకోను. అది ఆయనకే ఉండనియ్యిండ్రి."

మళ్లీ పాడారు, ఈసారి మెల్లగా. దారంతా నేను ఏడ్చుకుంటూ వచ్చాను. దుఃఖం ఒక్కనాటితో పోలేదు. ఎంపికైన పిల్ల సైకిల్ మీద ఎదురైతే చాలా కాలం ముఖం తిప్పుకున్నాను. కాని తరువాతి సంస్కారం నాడు అమ్మ నా పక్కన మోకరించింది. ఆమె భుజం నా భుజానికి తగిలింది. "నువ్వు ఇయ్యలేదు ప్రభువా, నాకు బాధైంది" అని ఆనాడు ఆయనతో అన్నాను. అంతకుముందు అన్ని ప్రార్థనలు చేసినా, అంత నిజం ఎన్నడూ చెప్పలేదు.

చదువుతున్న అక్కా, అన్నా, ఇవాళ ఎవరి ఇంటికో అలాంటి కార్డు వచ్చి ఉంటుంది. పరువు కోసం ఎవరో దాన్ని దాచి ఉంటారు. వారి కొరకు నాతో కలిసి తల వంచండి. తండ్రీ, వారికి నిజం చెప్పే ధైర్యమియ్యి. నీ బల్ల దగ్గర వారి చోటు ఖాళీగా ఉండనియ్యకు. ఆమేన్.