మూతలక్క పెంపకం

మా ల్యాబులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఎవరైనా గాజు పళ్లెం రెండు క్షణాలు తెరిచి ఉంచితే చాలు, "మూత! మూత పెట్టి చావండి!" అని గది దద్దరిల్లేలా అరిచేది. అందుకే మూతలక్క. సూక్ష్మజీవులకు తిండి వండడం ఆమె పని, ఆ గిన్నెలు కడగడం నాది. ఇరవై ఏళ్లలో ఆమె వండింది ఒక్కసారి కూడా పాడవలేదు.

ఆమె తమ్ముడు సముద్రంలో మునిగి మాకు స్పాంజిలు కోసుకొచ్చేవాడు. అడుగున రాళ్లకు అతుక్కుని బతికే ఆ మెత్తని జీవుల్లో ఒక రకం బ్యాక్టీరియా కాపురముంటుంది. అది పక్కకొచ్చిన క్రిములను చంపే విషం చేస్తుంది. దాన్నుంచి మందు తీయాలని మా పెద్దసారు తాపత్రయం. ఒకసారి రాయి గీరుకుని తమ్ముడి పాదం చీలి, పుండైంది. ఆసుపత్రిలో మూడు రకాల మందులు ఎక్కించినా క్రిమి దేనికీ లొంగలేదు. మోకాలి కింద కాలు తీసేయాలన్నారు.

సారు ఆ పుండులోని చీము తెప్పించి, క్రిమిని పళ్లెంలో పెంచి, తమ్ముడే తెచ్చిన ఒక స్పాంజి బ్యాక్టీరియాను మధ్యలో పెట్టారు. దాని చుట్టూ వేలెడు వెడల్పున క్రిమి చచ్చి, పళ్లెం తేటపడింది. ఆ రోజు మూతలక్క మూత తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోయింది.

"ఇది మందు కాదమ్మా. ముందు సీసాలకొద్దీ పెరగాలి, విషాన్ని విడదీయాలి, ఎలుకల మీద చూడాలి. మనిషిదాకా రావడానికి ఏళ్లు పట్టొచ్చు. నేను మాటివ్వలేను" అన్నారు సారు.

ఏం లాభం? ఆశపడ్డ చెవికి "పెరగాలి" అన్న ముక్కే ఎక్కుతుంది. మూతలక్క తిన్నగా ఆసుపత్రికి పోయి, "కాలు తీయించుకోకురా. నెల్లాళ్లు ఓర్చుకో, మందు నా చేతిలోనే ఉంది" అంది.

"వదినా, ఇవాళే తీయాలంటున్నారు డాక్టర్లు" అంది మరదలు ఏడుస్తూ.

"నువ్వూరుకో! కాలు లేకపోతే వాడు నీళ్లలోకి దిగేదెట్లా?"

తమ్ముడు అక్క మాటే విన్నాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆ బ్యాక్టీరియాది నత్తనడక. ఉప్పునీళ్లలో చిటికెడు తిండి కలిపితే వారానికి గోరంత పెరిగేది. "పిండికొద్దీ రొట్టె" అంటూ మూతలక్క సారుకు చెప్పకుండా నాలుగింతలు తిండి వేసింది. అబ్బ, మూడు రోజుల్లో సీసా చిక్కబడింది! వారం వారం కొత్త సీసాలోకి మార్చేది. మార్చగానే పాతది ఉడికించి పారేయడం మా ల్యాబు పద్ధతి. ఆమె ఉడికించింది, నేను కడిగాను.

నాలుగో వారం సారు పరీక్షిస్తే ఒక్క క్రిమీ చావలేదు. అప్పుడు మూతలక్క నాలుగింతల తిండి సంగతి ఒప్పుకుంది. ఆకలితో, నలుగురితో పోట్లాడి బతికినన్నాళ్లే ఆ బ్యాక్టీరియా విషం చేసిందట. కడుపు నిండాక ఆ అవసరం తీరిపోయింది. మళ్లీ పస్తు పెట్టి చూశారు, మరిచిన విద్య మరిచినట్టే. మొదట్లోనే కాస్త తీసి ఫ్రీజరులో దాచినది మొలవనే లేదు.

"నేనే చంపానా సార్?"

"చంపలేదమ్మా, మేపావు" అన్నారాయన. చెంప పగలగొట్టినా అంతకంటే నయమే.

ఆ సాయంత్రానికి తమ్ముడి ఒళ్లు కాలిపోతోంది. క్రిమి రక్తంలోకి ఎక్కింది, ఇక కాలు తీసినా లాభం లేదన్నారు.

"అక్కా, నా మందు పెరిగిందా?"

"పెరిగిందిరా నాన్నా. దండిగా పెరిగింది."

అబద్ధం కాదు. అదే ఘోరం. రెండోనాడు పోయాడు.

సెలవు ముగిసి ఆమె వచ్చేసరికి బల్ల మీద సారు చీటీ ఉంది. తమ్ముడి పుండులోని క్రిమిని పారేయకూడదట. అంత మొండిది మళ్లీ దొరకదు, ఇకమీదట కొత్త మందులన్నీ దాని మీదే పరీక్షిస్తారట. వారానికోసారి తాజా తిండి పెట్టాలి.

"నేను పెడతాలే అక్కా" అన్నాను.

"వద్దు. నీకు కొలత తెలీదు."

ఆరేళ్లయింది. ప్రతి సోమవారం గ్రాము అటూ ఇటూ కాకుండా తూచి పెడుతుంది. ఆ క్రిమి ఇంతవరకూ చావలేదు.