కెజయా బన్ను తినని సాయంత్రం

మా ఊరి ఈతకొలను గోడకు ఒక నల్లబల్ల ఉంది. వంద గజాల ఈతలో ఏటేటా ఎవరు అందరికన్నా వేగంగా ఈదారో దాని మీద బంగారు అక్షరాల్లో రాస్తారు. 1893 పక్కన ఉన్న పేరు అబద్ధం. ఆ ఏడు అందరినీ మించినది కెజయా హాల్‌స్టెడ్.

కాలువలో బొగ్గు పడవ నడిపే తండ్రి ఆమె నడుముకు తాడు కట్టి ఈత నేర్పాడు. పన్నెండేళ్ళకు నేతమిల్లులో చేరింది, ఇరవైకి నాలుగు మగ్గాలు నడిపేది. కొలనులో ఆడవాళ్ళకు దొరికేది శుక్రవారం సాయంత్రం ఒక్క గంట. నీళ్ళు నింపేది సోమవారం. ఊరి మగవాళ్ళంతా ఐదు రోజులు మునిగి లేచాక, పులిసిన గంజిలా మిగిలినవి ఆడవాళ్ళ పాలు. ఆ గంజిలోనే కెజయా మగవాళ్ళ రికార్డును దాటింది. కొలను చూసుకునే పాలిట్ పిన్ని గోడగడియారం చూసి కేకపెట్టింది.

బల్ల మీద తన పేరు ఉండాలని కెజయా ఈత క్లబ్బు కార్యదర్శి విండల్‌ను అడిగింది.

"గడియారం ఎవరు చూశారమ్మా?"

"పాలిట్ పిన్ని. ఇంకో నలభైమంది ఆడవాళ్ళు."

"వాళ్ళ మాట చెల్లదు. క్లబ్బు పోటీల్లో సమయం లెక్కించే మా క్లెగ్ చూడాలి."

"అయితే ఆయన్నే పంపండి."

"ఆడవాళ్ళ గంటలో మగాడా? సిగ్గులేదూ!"

ఆ సిగ్గు మరుసటి నెల క్లబ్బు ఉత్సవానికి మాత్రం అడ్డురాలేదు. పోటీల విరామంలో ఒక ఆడమనిషి నీటి అడుగున కూర్చుని బన్ను తిని, సీసాలో పాలు తాగాలి. మేయరుతో సహా మగవాళ్ళంతా కళ్ళప్పగించి చూస్తారు. ఆ వేడుకకు విండల్ పిలిచింది కెజయానే. ఈదితే చూడకూడని ఒళ్ళు, బన్ను తింటే చూడవచ్చట!

ఆమె ఒప్పుకుంది.

శనివారం సాయంత్రం. ఉత్సవం కోసం ప్రత్యేకంగా నింపిన కొత్త నీళ్ళు, అడుగున పలకలు లెక్కపెట్టవచ్చు. గ్యాలరీ నిండా నేతపని ఆడవాళ్ళు, వాళ్ళలో కెజయా పక్క మగ్గం నడిపే మా అమ్మమ్మ. కెజయా గట్టు మీదికి వచ్చి బన్నును మేయరు ఒళ్ళో పెట్టింది.

"మీరు తినండి దొరగారూ. క్లెగ్ బాబాయ్, గడియారం తియ్యి!"

దూకింది. అలవాటు కొద్దీ క్లెగ్ బొటనవేలు గడియారం మీట నొక్కేసింది. నాలుగు సార్లు ఆ చివర నుంచి ఈ చివరకు ఈది, వంద గజాలూ ముగించి ఆమె గోడను తాకింది.

"ఎంత బాబాయ్?" అని అరిచింది పాలిట్ పిన్ని.

"నోరెత్తావంటే చూడు, క్లెగ్!" అన్నాడు విండల్. "ముందుగా నోటీసు ఇవ్వలేదు. ఇది చెల్లదు."

క్లెగ్ గడియారం వైపు చూశాడు. శబ్దం రాకుండా పెదవులు కదిలించాడు. ముప్పై ఏళ్ళుగా మిల్లులో మగ్గాలు బాగుచేసిన మనిషి. మగ్గాల రొదలో మాట వినబడదు కనుక అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు, పెదవులే చదువుతారు.

"నిమిషం పద్దెనిమిది!" మా అమ్మమ్మ అరిచింది. గ్యాలరీ అంతా అందుకుంది. మగవాళ్ళ రికార్డు నిమిషం ఇరవై ఒక్క సెకన్లు.

"నాకేమీ వినబడలేదే," అన్నాడు విండల్.

"ఒక్క రోజు మగ్గం ముందు నిలబడుంటే వినబడేది!" అంది మా అమ్మమ్మ.

ఆ ఉత్సవం తర్వాత కెజయాను కొలనులోకి రానివ్వలేదు. మరో ఇరవై ఆరేళ్ళు దూది ధూళి పీల్చి, ఛాతీ జబ్బుతో పోయింది. నిమిషం ఇరవై ఒకటి తీసుకున్న పెద్దమనిషి పేరు మాత్రం బల్ల మీద పదిలం. పోయిన ఏడు దానికి మళ్ళీ బంగారు పూత కూడా వేయించారు.